చంద్రుడి మీద కాలు మోపింది అబద్ధమేనా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాసి పంపమని మేడం ఫోన్ చేసినప్పుడు 'హాస్టల్ జీవితం - నా జ్ఞాపకాలు' అని ఒక పేజీ రాశాను. రాసి చింపేశాను. ప్రతి సంచికలోనూ అలాంటివి మూడు నాలుగు ఉంటాయి. నీళ్ళచారు మీద, తెల్లవారుజామున బకెట్ల వరుస మీద నాకంటే బాగా రాసిన అక్కలు చాలామంది ఉన్నారు. అందుకని వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. ఇది కూడా మన హాస్టల్లో పుట్టిన సంగతే.

నేను నెలకో ఆదివారం వచ్చి 9, 10 తరగతుల పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నానని మీకు తెలుసు. దసరా సెలవుల తర్వాత వచ్చిన ఆదివారం గురుత్వాకర్షణ పాఠం చెబుతున్నాను. చంద్రుడి మీద మన బరువు ఆరో వంతే ఉంటుందని, అందుకే అక్కడికి పోయినవాళ్ళు గెంతుతూ నడిచారని అన్నాను. 9వ తరగతి చెల్లె ఒకామె చెయ్యెత్తింది.

"అక్కా, అమెరికావోళ్ళు చంద్రుని మీదికి పోనే పోలేదంట గదా! స్టూడియోల సిన్మా తీసిండ్రంట. మా అన్న ఫోన్ల వీడియో చూపెట్టిండు."

ఇక చూడండి, సగం మంది "అవునక్కా, నేను గూడ చూసిన" అన్నారు. ఇంకొక చెల్లె లేచి, "గాలి లేదంటరు, మరి జెండా ఎట్ల ఊగుతదక్కా?" అని అడిగింది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అందరూ అదే వీడియో చూసి వచ్చినట్టున్నారు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే కొన్నేళ్ళ కిందట నేను కూడా వాళ్ళలాగే గట్టిగా నమ్మినదాన్ని. ఇంటర్ రెండో సంవత్సరంలో మా చిన్నాన్న కొడుకు ఫోన్లో చూశాను. నాసా చెప్పిందంతా అబద్ధమని, లోకమంతా మోసపోయిందని, నాకు మాత్రం అసలు సంగతి తెలిసిపోయిందని ఎంత సంబరపడ్డానో! మా ఇంట్లో డిగ్రీ మెట్టు ఎక్కిన మొదటిదాన్ని నేనే. మనకు తెలియని సంగతులు లోకంలో చాలా ఉంటాయని, అందరికీ తెలిసినవి కూడా మనకే తెలియవని ఒక బెరుకు ఎప్పుడూ ఉండేది. అలాంటిదానికి పెద్ద పెద్ద సైంటిస్టుల గుట్టు తెలిసిందంటే ఊరుకుంటానా?

డిగ్రీ మొదటి సంవత్సరంలో ఒకరోజు క్లాసులో లేచి ఈ మాటే అడిగాను. కాలేజీ పేరు, సారు పేరు ఎందుకులెండి. ఆయన జవాబు చెప్పలేదు. "ఇట్లాంటివి ఎక్కడ నేర్చుకుంటారమ్మా, హాస్టల్లోనా?" అన్నారు. క్లాసంతా గొల్లున నవ్వింది. నేను కూర్చున్నాను. ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర నేను ఆ వీడియోనే నమ్మాను. ముందుకంటే ఎక్కువగా నమ్మాను. వదిలేస్తే ఆ నవ్విన వాళ్ళ పక్షాన చేరినట్టే అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, అప్పటికే నా నమ్మకానికి చంద్రుడితో సంబంధం తెగిపోయింది. అంతా పౌరుషమే.

అందుకని ఆ ఆదివారం పాఠం పక్కన పెట్టి, "కూర్చోండి, ఒక్కొక్కటి చూద్దాం" అన్నాను. ఆ రోజు మాట్లాడుకున్నది, తర్వాత నేను ఆలోచించింది ఇక్కడ రాస్తున్నాను.

మొదట జరిగింది ఏమిటి? 1969 జూలై 16న అపోలో 11 బయలుదేరింది. 20న నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ చంద్రుడి మీద దిగారు. మైకేల్ కాలిన్స్ పైన తిరుగుతూ ఉన్నాడు. చాలామంది ఒక్కసారే పోయారనుకుంటారు. కాదు. 1972 డిసెంబరు వరకు 6 సార్లు దిగారు, మొత్తం 12 మంది నడిచారు. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 దారిలో ట్యాంకు పేలి దిగకుండానే ప్రాణాలతో తిరిగివచ్చింది. అంతకుముందు 1967 జనవరిలో నేల మీద పరీక్ష జరుగుతుండగానే మంటలు అంటుకొని ముగ్గురు చనిపోయారు.

ఇదంతా నాటకమని పుస్తకం రాసి ప్రచారంలో పెట్టినవాడు బిల్ కేసింగ్. రాకెట్ ఇంజన్లు చేసే రాకెట్‌డైన్ కంపెనీలో 1963 వరకు సాంకేతిక పత్రాలు రాసే విభాగంలో పనిచేశాడు. ఇంజనీరు కాదు. 1976లో సొంతంగా పుస్తకం అచ్చు వేసుకున్నాడు. ఆ కాలం ఎలాంటిదో కూడా చూడాలి. వియత్నాం యుద్ధం గురించి అమెరికా ప్రభుత్వం జనానికి అబద్ధాలు చెప్పిందని 1971లో రహస్య పత్రాలు బయటపడ్డాయి. వాటర్‌గేట్ కుంభకోణంలో నిక్సన్ 1974లో గద్దె దిగాడు. అలాంటి ప్రభుత్వాన్ని జనం అనుమానించారంటే తప్పు పట్టలేం. 2001లో అమెరికాలో ఒక టీవీ ఛానల్ దీని మీద పెద్ద కార్యక్రమమే వేసింది. ఇప్పుడు మన ఫోన్లలో తిరుగుతున్న వీడియోల్లో ఎక్కువ భాగం ఆ పాత ప్రశ్నలే, తెలుగు గొంతు పెట్టారు అంతే.

ఇక జెండా. జెండా పైఅంచు వెంబడి అడ్డంగా ఒక కడ్డీ ఉంది. గాలి లేదు కాబట్టి జెండా వేలాడిపోతుందని వాళ్ళకు ముందే తెలుసు, అందుకే పెట్టారు. అపోలో 11లో ఆ కడ్డీ పూర్తిగా బయటికి రాలేదు. గుడ్డ ముడతలు పడి, ఎగురుతున్నట్టు కనిపించింది. వీడియో ముక్క కాకుండా మొత్తం చూడండి. కర్రను చేత్తో తిప్పి నేలలో దిగగొడుతున్నప్పుడు ఊగుతుంది. ఆపడానికి గాలి లేదు కాబట్టి కాసేపు ఎక్కువే ఊగుతుంది. చెయ్యి తీసి, ఊగడం ఆగాక బొమ్మలా నిలబడిపోతుంది.

నక్షత్రాలు ఎందుకు లేవు? దీనికి ఆ రాత్రే మన మేడ మీద ప్రయోగం చేశాం. పెద్ద లైటు వేసి, దాని కింద ఇద్దరు చెల్లెళ్ళను నిలబెట్టి, వెనుక ఆకాశం వచ్చేటట్టు నా ఫోన్‌తో ఫోటో తీశాం. (రాత్రి ఫోటోల కోసం ఉండే సెట్టింగు మాత్రం పెట్టకూడదు.) చెల్లెళ్ళు బాగా పడ్డారు, ఆకాశం నల్లగా పడింది, ఒక్క చుక్క లేదు. తలెత్తి చూస్తే బోలెడు చుక్కలు. చంద్రుడి మీద వాళ్ళు దిగింది పట్టపగలు. ఎండలో తెల్లటి సూట్లు మెరుస్తున్నాయి. వాటికి సరిపడా కెమెరా పెడితే చుక్కలు పడవు. నీడలు వంకరగా ఉన్నాయన్న దానికి జవాబు సాయంత్రం పూట మన గ్రౌండులోనే దొరుకుతుంది. ఎగుడుదిగుడు నేల మీద రెండు కర్రలు పాతి చూడండి.

నన్ను మార్చింది మాత్రం ఇవేవీ కావు. దుమ్ము. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో 1972 ఏప్రిల్ నాటి అపోలో 16 ఫిల్మ్ చూశాను. చంద్రుడి మీద వాళ్ళు నడిపిన బండి అందులో ఉంది. మా ఊరి మట్టిరోడ్డు మీద ఆర్టీసీ బస్సు పోతే ఏమవుతుందో మీకు తెలుసు. బస్సు మలుపు తిరిగి పోయినా దుమ్ము గాలిలోనే తేలుతూ, మెల్లగా ఇళ్ళలోకి వచ్చి ఉతికి ఆరేసిన బట్టల మీద వాలుతుంది. ఆ ఫిల్ములో అలా జరగలేదు. చక్రం ఎగజిమ్మిన దుమ్ము రాయి విసిరినట్టు వంపు తిరిగి పోయి, అలాగే కిందపడింది. మబ్బు కట్టలేదు, తేలలేదు. పుస్తకంలో 'గాలి నిరోధం లేనప్పుడు' అని రాసి ఉండే లెక్క ఎన్నిసార్లు చేశానో! అది కళ్ళతో చూడటం అదే మొదలు. స్టూడియోలో ఇలా తీయాలంటే బండి తిరిగేంత జాగాలో గాలినంతా తోడేయాలి. అది చేయడం కంటే చంద్రుడి మీదికి పోవడమే సులువేమో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సిగ్గుపడ్డాను. కొంచెం సంతోషం కూడా వేసింది.

ఈ మాట చెప్పాక మొదట అడిగిన చెల్లె వదల్లేదు. "నువ్వు గూడ ఫిలిమే గదక్కా చూసింది. నువ్వు పోయి చూసినవా?" అంది. నిజమే. నేను పోలేదు. అయితే ఒక సంగతి అడగాలి. ఈ అబద్ధం బయటపడితే ఎవరికి లాభం? అప్పటి సోవియట్ యూనియన్‌కు. మొదటి ఉపగ్రహం వాళ్ళది, అంతరిక్షంలోకి పోయిన మొదటి మనిషి వాళ్ళవాడు. చంద్రుడి దగ్గర ఓడిపోవడం వాళ్ళకు తలవంపులు. అపోలో 11 చంద్రుడి మీద ఉన్న సమయంలోనే వాళ్ళ లూనా 15 అనే యంత్రం కూడా అక్కడే తిరుగుతోంది. జూలై 21న అది కూలిపోయింది. బ్రిటన్‌లోని జోడ్రెల్ బ్యాంక్ టెలిస్కోపు ఈ రెండింటినీ వింటూ ఉంది. అబద్ధమైతే ఆ క్షణంలోనే పట్టుకొని లోకమంతా చాటింపు వేసేవాళ్ళు. ఒక్క మాట అనలేదు.

రాళ్ళు చూడండి. 6 ప్రయాణాల్లో 382 కిలోల రాళ్ళు, మట్టి తెచ్చారు. సోవియట్ యంత్రాలు 1970 నుంచి 1976 దాకా మూడుసార్లు పోయి తెచ్చింది మూడూ కలిపి అర కిలో కూడా లేదు. అపోలో రాళ్ళలో నీటి జాడ లేనట్టే. గాలి పొర లేని చోట సన్నటి అంతరిక్ష ధూళి నేరుగా వచ్చి కొట్టిన చిన్న చిన్న గుంటలు వాటి మీద ఉన్నాయి. వాటిని పరీక్షించింది అమెరికావాళ్ళు ఒక్కరే కాదు. మన బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో దేవేంద్ర లాల్ బృందం కూడా పరీక్షించింది. విశ్వకిరణాలు ఆ రాతి రేణువుల్లో గీసిన గీతలను సూక్ష్మదర్శినితో చూసి, అవి చంద్రుడి మీద ఎంతకాలం ఎండకు పడి ఉన్నాయో లెక్కగట్టారు. ఇక 2019 జూలై 22న మన శ్రీహరికోట నుంచి పోయిన చంద్రయాన్-2 ఉంది కదా. దాని ల్యాండర్ కూలిపోయింది కానీ, పైన తిరుగుతున్న ఆర్బిటర్ కెమెరా అపోలో 11 దిగిన చోటును ఫోటో తీసింది. వాళ్ళు వదిలేసి వచ్చిన కింది భాగం అక్కడే ఉంది. నాసా ఫోటో మీద నమ్మకం లేనివాళ్ళు ఇస్రో ఫోటో చూడవచ్చు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. చంద్రుడి మీద పెట్టిన అద్దాల సంగతి చాలామంది తిరుగులేని సాక్ష్యంగా చెబుతారు. భూమి మీద నుంచి లేజర్ కాంతి పంపితే అవి తిప్పి పంపుతాయి. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని వాటితోనే కొలిచారు. కానీ అలాంటి అద్దాలను సోవియట్ యంత్రబండ్లు కూడా పెట్టాయి, మనుషులు లేకుండానే. కాబట్టి అద్దం ఒక్కదానితో మనిషి పోయాడని తేలదు. మన పక్షం వాదన కదా అని బలహీనమైనదాన్ని బలమైనదిగా చెప్పకూడదు. అలాగే అపోలో 11 అసలు టీవీ టేపులను తుడిచేసి మళ్ళీ వాడుకున్నట్టుందని 2009లో నాసాయే చెప్పింది. సిగ్గుమాలిన అజాగ్రత్త. టీవీల్లో వచ్చిన ప్రసారం నకళ్ళు ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

'అంత సులువుగా పోతే మళ్ళీ ఎందుకు పోలేదు' అన్న ప్రశ్నకు జవాబు డబ్బు. 1966లో అమెరికా కేంద్ర బడ్జెట్‌లో 4 శాతానికి పైగా నాసాకే పోయింది. 1973లో లెక్క చెప్పినప్పుడు అపోలో ఖర్చు 2,540 కోట్ల డాలర్లు. సోవియట్‌ను ఓడించాక ఇంకా ఎందుకన్నారు. అపోలో 18, 19, 20 ప్రయాణాలను 1970లోనే రద్దు చేశారు.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్న దగ్గరికి వస్తాను.

ఆ వీడియోలన్నిటిలో ఒక మాట వస్తుంది. 'ఆ కాలం కంప్యూటర్లతో ఎలా పోగలరు? మన సెల్‌ఫోన్‌లో ఉన్నంత కూడా లేదే!' నిజమే, లేదు. అపోలో నౌకలోని కంప్యూటర్‌లో మారని సమాచారం దాచుకునే జాగా 36,864 పదాలు. అయితే ఆ పదాలను అందులో ఎలా పెట్టారో తెలుసా? నేశారు. అమెరికాలోని వాల్తామ్ అనే ఊళ్ళో రేథియాన్ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు కూర్చొని, చిన్న చిన్న అయస్కాంతపు చుట్టల గుండా రాగి తీగ పోనిచ్చేవారు. తీగ చుట్టలోంచి పోతే 1, పక్కనుంచి పోతే 0. ఒక్క తీగ తప్పు దారిలో పోతే ఆ ప్రోగ్రాం చెడిపోతుంది. వాళ్ళలో బట్టల మిల్లుల నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఇంజనీర్లు దాన్ని 'ముసలమ్మల పద్ధతి' అని హాస్యమాడేవారట. హాస్యం ఆడినా, మనుషులను పంపింది ఆ నేత మీద నమ్మకంతోనే.

వాళ్ళు వేసుకున్న సూట్లు కుట్టింది కూడా ఆడవాళ్ళే. డెలావేర్ రాష్ట్రంలో డోవర్ అనే ఊళ్ళో, ఆడవాళ్ళ లోదుస్తులు కుట్టే ఇంటర్నేషనల్ లేటెక్స్ కార్పొరేషన్‌కు ఆ పని దక్కింది. మిషన్ల మీద కూర్చొని 20కి పైగా పొరలను ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టారు. కుట్టు కొంచెం పక్కకు పోయినా విప్పాల్సిందే. ఒక్క గుండుసూది లోపల ఉండిపోతే మనిషి ప్రాణానికి ముప్పు కాబట్టి సూట్లను ఎక్స్‌రే తీసి చూసేవారు.

మా అమ్మ ఊళ్ళో జాకెట్లు కుడుతుంది. నా డిగ్రీ పుస్తకాలు ఆ మిషన్ మీద వచ్చినవే. ఈ సూట్ల సంగతి అమ్మకు చెబితే కాలు ఆపి విన్నది. "మేము తప్పు కుడితే గుడ్డ ఖరాబైతది. ఆళ్ళు తప్పు కుడితే మనిషే పోతడు" అన్నది. అంతటితో ఆగలేదు. "మరి కుట్టినోళ్ళకు ఎంత కూలి ఇచ్చిండ్రు బిడ్డా?" అని అడిగింది. ఈ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను.

కేథరిన్ జాన్సన్ గురించి మన హాస్టల్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి. 1918లో పుట్టిన నల్లజాతి అమ్మాయి. లెక్కల్లో దిట్ట. కానీ వాళ్ళ ప్రాంతంలో నల్లవాళ్ళ పిల్లలకు 8వ తరగతి దాటితే బడి లేదు. అందుకని వాళ్ళ నాన్న భార్యాపిల్లలను దూరంగా ఉన్న వేరే ఊళ్ళో పెట్టి, తాను పని కోసం సొంతూళ్ళోనే ఉండిపోయాడు. చదువు కోసం ఇల్లు రెండు ముక్కలు కావడమంటే ఏమిటో మనకు చెప్పనక్కరలేదు. 1953లో ఆమె లెక్కలు వేసే ఉద్యోగంలో చేరింది. నల్లవాళ్ళకు వేరే గది. 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరగడానికి పోయే ముందు, కంప్యూటర్ వేసిన లెక్కను ఆమె చేత్తో సరిచూస్తే గానీ ఎక్కనన్నాడు. అపోలో దారి లెక్కల్లోనూ ఆమె చెయ్యి ఉంది. దేశపు పెద్ద గౌరవం 2015లో వచ్చింది, అప్పటికి ఆమెకు 97 ఏళ్ళు.

'ఆ కాలంలో, ఆ సాధనాలతో ఎలా పోగలరు' అని ఎవరైనా అన్నప్పుడు నాకు ఇప్పుడు ఇంకో మాట వినిపిస్తుంది. పీజీలో చేరిన మొదటివారం ఒకమ్మాయి నా ర్యాంకు అడిగింది. చెప్పాను. కేటగిరీ అడిగింది. చెప్పాను. "ఓ, అయితే సరే" అంది. అంతే. ఆ ఒక్క మాటతో నేను నింపిన నోటుపుస్తకాలు, మన స్టడీ అవర్లు, అమ్మ మిషన్ అన్నీ లేకుండా పోయాయి. ఎలా చదివావని అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు. 'వీళ్ళకు అది చేతకాదు' అని ముందే తేల్చుకున్నవాళ్ళకు పని కనిపించదు. ఈ మాట మన మీద ఎన్నోసార్లు పడింది. దాన్నే తీసుకుపోయి ఆ తీగలు నేసిన ఆడవాళ్ళ మీద, అపోలో కోసం పనిచేసిన సుమారు 4 లక్షల మంది మీద మనం ఎలా వేస్తాం?

అయితే నాసాను చూసి చేతులు జోడించమని నేను అనడం లేదు. అమ్మ అడిగిన ప్రశ్న ఉంది కదా, అలాంటిది 1969లోనే అడిగారు. అపోలో 11 బయలుదేరే ముందురోజు, జూలై 15న, రాల్ఫ్ అబెర్నతీ పేద కుటుంబాలను వెంటబెట్టుకొని, కంచరగాడిదల బండ్లతో రాకెట్ కేంద్రానికి పోయాడు. మార్టిన్ లూథర్ కింగ్‌ను 1968 ఏప్రిల్‌లో చంపేశాక ఆయన స్థానంలోకి వచ్చిన నాయకుడు. దేశంలో అయిదో వంతు మందికి సరైన తిండి, బట్ట, ఇల్లు, వైద్యం లేదు, ముందు ఇది చూడండి అన్నాడు. నాసా అధిపతి థామస్ పేన్ బయటికి వచ్చి వాన చినుకుల్లో నిలబడి విన్నాడు. రాకెట్ ఆపితే ఆ బాధలు తీరేటట్టయితే ఆపేస్తామన్నాడు. పోయేవాళ్ళు క్షేమంగా రావాలని అబెర్నతీ ప్రార్థన కూడా చేశాడు. రాకెట్ అబద్ధమని ఆయన అనలేదు. నిజమని తెలుసు కాబట్టే, ఇంత చేయగలిగినవాళ్ళు అది ఎందుకు చేయరని నిలదీశాడు.

ఇలాంటి ప్రశ్న మనకూ ఉంది. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగినప్పుడు నేను గంతులు వేశాను. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. అంత దూరం యంత్రాన్ని పంపి మెత్తగా దించిన దేశంలో మురుగు గుంతలోకి ఇంకా మనిషి ఎందుకు దిగుతున్నాడు? అలా దింపకూడదని 2013లో చట్టం వచ్చింది. దిగుతున్నది ఎవరో, చచ్చిపోతున్నది ఎవరో మనకు తెలుసు. ఈ రెండూ ఒకే మనసులో ఉండవచ్చు. నా మనసులో ఉన్నాయి. కానీ చంద్రయానే బూటకమని ఎవరైనా అంటే, మాట మురుగు గుంత మీద నుంచి జెండా ముడత మీదికి పోతుంది. అప్పుడు జవాబు చెప్పాల్సినవాళ్ళు హాయిగా ఉంటారు.

'ప్రభుత్వాలు కుట్రలు చేయవా అక్కా' అని అడుగుతారేమో. చేస్తాయి. అమెరికాలోనే, అలబామా రాష్ట్రం టస్కెగీలో, 1932 నుంచి 40 ఏళ్ళ పాటు ప్రభుత్వ ఆరోగ్య శాఖ సుమారు 400 మంది పేద నల్లవాళ్ళకు సిఫిలిస్ రోగం ఉందని తెలిసి కూడా మందు ఇవ్వలేదు. రోగం ముదిరితే ఏమవుతుందో చూడాలని అలాగే వదిలేశారు. పెన్సిలిన్ వచ్చాక కూడా! అది ఎలా బయటపడింది? పీటర్ బక్స్‌టన్ అనే ఆ శాఖ ఉద్యోగి ఏళ్ళ తరబడి లోపల గొడవపడి, వినకపోతే పత్రికకు చెప్పాడు. 1972 జూలైలో జీన్ హెల్లర్ అనే విలేఖరి రాసింది. కాగితాలు దొరికాయి, బతికున్న మనుషులు సాక్ష్యం చెప్పారు. ఆ ఏడాది డిసెంబరులోనే చివరి అపోలో చంద్రుడి మీద దిగింది. ఒకే దేశం, ఒకే ఏడాది. ఒకటి నిజమైన కుట్ర, ఒకటి కుట్ర కాదు. తేడా తెలుసుకోవడానికి గొంతు పెంచి మాట్లాడే వీడియో సరిపోదు. ఎవరు చెబుతున్నారు, కాగితం ఏది, చూసినవాళ్ళు ఎవరు అని అడగాలి. మన స్కాలర్‌షిప్ ఆగితే కూడా మనం చేసేది అదే కదా, కాగితం పట్టుకొని ఆఫీసుకు పోవడం.

అక్కలకు ఒక మనవి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఇలాంటి వీడియో పట్టుకొని వస్తే దయచేసి నవ్వకండి. నా ఏడాదిన్నర ఆ నవ్వుకే పోయింది.

చెల్లెళ్ళూ, ఇంకో ప్రశ్న మిగిలిపోయింది. నౌక దిగినప్పుడు ఇంజన్ మంటకు కింద పెద్ద గుంత పడాలి కదా, ఎందుకు పడలేదని ఆ ఆదివారం ఆఖరున ఒకరు అడిగారు. గంట కొట్టడంతో ఆపేశాం. లెక్కకు కావలసినవి ఇవిగో: దిగేటప్పుడు నౌక ద్రవ్యరాశి సుమారు 7,000 కిలోలు. చంద్రుడి మీద బరువు అందులో ఆరో వంతు. మెల్లగా దిగుతోంది కాబట్టి ఇంజన్ తోసే బలం ఇంచుమించు ఆ బరువంతే. ఇంజన్ మూతి అడ్డంగా ఒకటిన్నర మీటరు. చదరపు సెంటీమీటరుకు ఎంత ఒత్తిడి పడుతుందో కట్టండి. తర్వాత మీ బరువు చూసుకొని, మీ రెండు పాదాలు కాగితం మీద పెట్టి గీత గీసి, మీ కాళ్ళ కింద ఎంత ఒత్తిడి పడుతుందో కూడా కట్టండి. రెండూ పక్కపక్కన రాసి ఉంచండి. స్టోర్ రూములో బియ్యం తూచే కాటా ఉంది, మేడంను అడిగితే ఇస్తారు. వచ్చే ఆదివారం నేను చూస్తాను.